కారు వయసు కాదు, కండిషన్ చూడాలి

పదిహేను లక్షల కొత్త కారు కొనే ఉద్యోగికి షోరూములోనే అప్పు మంజూరవుతుంది. వడ్డీ 9 శాతానికి అటూ ఇటూ, గడువు ఏడేళ్లు. మూడు నాలుగు లక్షలు పోగేసి తొమ్మిదేళ్ల నాటి చిన్న కారు కొనుక్కుందామనుకున్న కుటుంబానికి మాత్రం బ్యాంకు గుమ్మంలోనే ‘కారు పాతది’ అన్న జవాబు ఎదురవుతుంది. అక్కడి నుంచి ఫైనాన్స్ కంపెనీకి వెళితే వడ్డీ 15 శాతమో 18 శాతమో, గడువు రెండు మూడేళ్లు. ఎక్కువ ఖర్చు పెట్టగలిగిన వారికి అప్పు చౌక, తక్కువే పెట్టగలిగిన వారికి అప్పు ప్రియం. దీనికి రుణ సంస్థలు చెప్పే కారణం రిస్కు. ఆ రిస్కు పూర్తిగా కల్పితమేమీ కాదు. అయితే అందులో కారు పాతబడటం వల్ల వచ్చేది కొంతే. ఆ కారు గురించి నమ్మదగిన సమాచారం ఎవరి దగ్గరా లేకపోవడం వల్ల వచ్చేదే ఎక్కువ. ఆ సమాచారాన్ని సమకూర్చగలిగిన వారు ప్రభుత్వం, రిజర్వ్ బ్యాంకు. వారు చేయని పనికి మూల్యం కొనేవారి కిస్తీల్లో పడుతోంది.

2024-25లో దేశంలో అమ్ముడైన కొత్త ప్రయాణికుల వాహనాలు సుమారు 43 లక్షలు. చేతులు మారే పాత కార్ల సంఖ్య అంతకన్నా ఎక్కువేనని పరిశ్రమ వర్గాల అంచనా. అంటే మన దేశంలో కారు కొనడమంటే చాలామందికి పాత కారు కొనడమే. మండల కేంద్రంలో కిరాణా దుకాణం నడిపేవారు, కాంట్రాక్టు లెక్చరరు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చి ఊళ్లో స్థిరపడినవారు, ఇద్దరు పిల్లలతో ఒకే బైకు మీద వానలో తడుస్తూ తిరిగే దంపతులు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు జిల్లా ఆసుపత్రికి వెళ్లాల్సిన పెద్దమనిషి ఇంట్లో ఉంటే, సాయంత్రం దాటితే బస్సు రాని ఊళ్లో ఆ కుటుంబానికి కారు హోదా కోసం కాదు, ప్రాణం కోసం. ఇలాంటి అవసరానికి ఇచ్చే అప్పు ఎంత న్యాయంగా ఉందన్నది కేవలం ఆటోమొబైల్ వ్యాపారానికి సంబంధించిన ప్రశ్నగా మిగిలిపోకూడదు.

బ్యాంకు భయం ఏమిటి?

రుణ సంస్థల వాదన ముందు విందాం. అప్పు తీరే నాటికి కారు వయసు ఇన్నేళ్లు దాటకూడదని ప్రతి సంస్థా ఒక గీత గీసుకుంటుంది. అది ఒక్కోచోట ఒక్కోలా ఉన్నా, చాలా బ్యాంకుల్లో ఎనిమిది నుంచి పదేళ్ల మధ్యే ఉంటుంది. ఫైనాన్స్ కంపెనీలు ఇంకాస్త ముందుకు వెళతాయి. దాంతో ఏడేళ్ల కారుకు మూడేళ్ల గడువు దొరికితే గొప్ప, తొమ్మిదేళ్ల కారుకు అసలు దొరకడమే కష్టం. విలువ కట్టే దగ్గర మరో కోత పడుతుంది. అమ్మేవారితో కుదిరిన ధర నాలుగు లక్షలైతే, సంస్థ పంపిన వాల్యుయేటర్ మూడున్నరే అనవచ్చు. అందులో ముప్పాతిక వంతు అప్పు ఇస్తే చేతికొచ్చేది రూ.2.62 లక్షలు. మిగిలిన లక్షన్నర దాకా కొనేవారే తెచ్చుకోవాలి.

ఇందులో కొంత న్యాయం ఉంది. రెండున్నర లక్షల అప్పుకూ, పదిహేను లక్షల అప్పుకూ కాగితాల పని, తనిఖీ, వసూలు ఖర్చు దాదాపు ఒకటే కాబట్టి చిన్న అప్పు మీద ఆ భారం ఎక్కువ పడుతుంది. పాత కారుకు హఠాత్తుగా గేర్‌బాక్స్ పోతే బాగు చేయించడానికి యాభై వేలు కావాలి. ఆ నెల కిస్తీ ఆగిపోవచ్చు. కిస్తీ ఆగిన కారును వెనక్కి తెచ్చుకుని అమ్మినా ఎంత వస్తుందో తెలియదు.

కానీ ఈ లెక్కకు రెండో వైపు కూడా ఉంది. కారు విలువ వేగంగా పడిపోయేది మొదటి అయిదేళ్లలోనే. బీమా కంపెనీలు పాటించే తరుగు పట్టిక ప్రకారం ఆరు నెలలు దాటిన కారుకు 15 శాతం, రెండేళ్లు దాటితే 30 శాతం, నాలుగేళ్లు దాటితే 50 శాతం విలువ తగ్గిస్తారు. పది లక్షల కొత్త కారు అయిదేళ్లలో అయిదు లక్షలు పోగొట్టుకుంటుంది. మూడు లక్షల పాత కారు అప్పటికే పోవాల్సింది పోగొట్టుకుని ఉంది. పైగా కొత్త కారుకు ధరలో 90 శాతం దాకా అప్పు ఇచ్చే సంస్థలు పాత కారుకు ముప్పాతికకే ఆగుతున్నాయి. అంటే తమ భయానికి తగిన రక్షణ అప్పు మొత్తంలో ఒకసారి, గడువులో ఒకసారి ముందే తీసుకుంటున్నాయి. ఆ రెండూ చాలక మూడోసారి వడ్డీలోనూ తీసుకుంటున్నాయి.

చట్టం చూపు కూడా వేరు. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత తనిఖీలో నెగ్గితే అయిదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి రూ.600 నుంచి రూ.5,000కు పెంచారు గానీ, నడిపే హక్కును తీసేయలేదు. తొమ్మిదేళ్ల కారుకు ఇంకా ఆరేళ్ల చట్టబద్ధమైన ఆయుష్షు ఉంటే, మూడేళ్ల అప్పుకు అది చాలదని ఏ ప్రాతిపదికన అంటున్నారు?

తెలియనితనానికి వేసే వడ్డీ

ఈ ప్రశ్నకు అసలైన సమాధానం అర్థశాస్త్రంలో 55 ఏళ్లకు పైగా ఉంది. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో ప్రచురించిన ఒక చిన్న పరిశోధన పత్రానికి పాత కార్ల బజారే ఉదాహరణ. కారులో ఉన్న లోపం అమ్మేవారికి తెలుసు, కొనేవారికి తెలియదు. అందుకని కొనేవారు ప్రతి కారునూ అనుమానించి సగటు ధరే ఇస్తామంటారు. బాగా చూసుకున్న కారుకూ ఆ సగటు ధరే వస్తుంటే దాని యజమాని బజారుకు తీసుకురావడం మానేస్తారు. చివరకు బజారులో నాసిరకమే మిగులుతుంది. అకెర్లాఫ్ ఆ పత్రం అచ్చవడానికి ముందు 1967-68లో ఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాది గడిపారు. అదే పత్రంలో భారతదేశపు అప్పుల వ్యవస్థ గురించి, ఊరి వడ్డీ వ్యాపారి అంత ఎక్కువ వడ్డీ ఎలా వసూలు చేయగలుగుతున్నాడన్న దాని గురించీ రాశారు. అప్పు తీసుకునే మనిషి గురించి బయటి వారికి తెలియనిది ఆ వ్యాపారికి తెలియడమే అతని బలమని తేల్చారు. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిన కృషి ఇదే.

పాత కారు అప్పులో ఈ రెండు తెలియనితనాలూ ఒకేచోట కలుస్తాయి. కారు లోపల ఏముందో బ్యాంకుకు తెలియదు. కొనేవారి ఆదాయం రొక్కంలో ఉంటే వారి గురించీ తెలియదు. పదేళ్లుగా ఒక్క నెల తప్పకుండా చిట్టీ కట్టిన క్రమశిక్షణ సాధారణంగా క్రెడిట్ స్కోరులోకి ఎక్కదు. స్కోరు లేదన్న ఒక్క కారణంతో తొలిసారి అప్పు అడిగిన వారిని తిప్పి పంపకూడదని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. అయినా ఆ సూచన బ్రాంచి కౌంటరు దాకా చేరడం వేరే సంగతి. మంచి కారు, మంచి మనిషి అయినా, చెడ్డ కారుకూ ఎగవేతదారుకూ వేసే సగటు వడ్డీనే కట్టాల్సి వస్తోంది. కారు తయారైన సంవత్సరం అన్న ఒక్క అంకె మీద ఆధారపడటం రుణ సంస్థకు సులువు. ఆ సులువుకు అయ్యే ఖర్చు మాత్రం సంస్థ పెట్టుకోవడం లేదు.

ఎనభై మూడు పైసలు రూపాయి ఎనభై అయ్యే తీరు

ఎక్కువ వడ్డీ ఒక సమస్య అయితే, ఆ వడ్డీ ఎంతో తెలియకుండా చేయడం అంతకన్నా పెద్ద అన్యాయం. మన ఊళ్లలో వడ్డీ లెక్క నూటికి నెలకు ఇన్ని రూపాయలని. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రూపాయిన్నర అంటే 18 శాతం. ఆ లెక్కలో అసలు ఆఖరున ఒక్కసారే తీరుస్తాం. అప్పటిదాకా డబ్బు మొత్తం మన చేతిలోనే ఉంటుంది. కిస్తీల అప్పు అలా ఉండదు. ప్రతి నెలా అసలులో కొంత తిరిగి వెళ్లిపోతుంటుంది. ‘ఫ్లాట్’ వడ్డీ అంటే, తిరిగి కట్టేసిన అసలుకు కూడా చివరి నెల దాకా వడ్డీ వసూలు చేయడం.

మూడు లక్షల అప్పు, మూడేళ్ల గడువు, 10 శాతం ఫ్లాట్ అనుకుందాం. ఏడాదికి 30 వేల చొప్పున మూడేళ్లకు వడ్డీ 90 వేలు. మొత్తం రూ.3,90,000ను 36 నెలలకు పంచితే కిస్తీ రూ.10,833. వినడానికి నూటికి 83 పైసల వడ్డీ. ఊళ్లో ఎవరూ అంత తక్కువకు ఇవ్వరు కాబట్టి సంతోషంగా సంతకం పెడతాం. తగ్గుతున్న అసలు మీద లెక్క వేస్తే ఇదే వడ్డీ దాదాపు 18 శాతం, అంటే నూటికి రూపాయిన్నర. ఇక ప్రాసెసింగ్ ఫీజు, డాక్యుమెంట్ చార్జీలు, వాల్యుయేషన్ ఫీజు, అప్పుతో పాటు అంటగట్టిన బీమా పేరిట 15 వేలు ముందే కోసుకుని చేతికి రూ.2,85,000 ఇచ్చారనుకోండి. అదే కిస్తీకి అప్పు అసలు ధర 21.7 శాతం అవుతుంది. నూటికి 83 పైసలని విన్న అప్పు రూపాయి 80 పైసలైంది. అదే మూడు లక్షలు, అదే మూడేళ్లకు, కొత్త కారు కొనేవారికి దొరికే 9 శాతం తగ్గుతున్న వడ్డీకి వచ్చి ఉంటే మొత్తం వడ్డీ రూ.43,500 లోపే ఉండేది. పాత కారు కొన్నవారు రెండింతలకు పైగా కడుతున్నారు.

ఈ మాయను ఆపే నిబంధన ఇప్పటికే ఉంది. రిజర్వ్ బ్యాంకు 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ ప్రతి రిటైల్ అప్పుకూ ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలి. వడ్డీ, ఫీజులు, సంస్థ ద్వారా వసూలయ్యే బీమా సొమ్ము అన్నీ కలిపి ఏడాదికి అసలు ఖర్చు ఎంత శాతమో, అంటే ఏపీఆర్, అందులో ఒకే అంకెగా చూపాలి. అది రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఏడు రోజులు, అంతకు మించిన గడువున్న అప్పులకు ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు ఇవ్వాలి. అందులో రాయని రుసుమును రుణగ్రహీత స్పష్టంగా ఒప్పుకోకుండా తర్వాత వసూలు చేయకూడదు.

నిబంధన మంచిదే. అది పనిచేసే సమయమే ఆలస్యమవుతోంది. పాత కారు అప్పు కుదిరేది బ్యాంకు కౌంటరు దగ్గర కాదు, పాత కార్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీ టేబుల్ దగ్గర. అక్కడ ఏజెంటు నోటితో చెప్పేది ఫ్లాట్ వడ్డీ, కిస్తీ ఎంతన్నది మాత్రమే. కారు నచ్చి, టోకెన్ అడ్వాన్సు ఇచ్చేశాక, ఓటీపీ చెప్పే క్షణంలో ఫోనుకు వచ్చే ఇంగ్లిషు పీడీఎఫ్‌లో ఏపీఆర్ ఉంటుంది. టోకెన్ ఇవ్వకముందే, తెలుగులో, ఒక్క కాగితం మీద ఆ అంకె కనపడినప్పుడే నిబంధన ఉద్దేశం నెరవేరినట్లు.

వడ్డీ తగ్గినప్పుడు ఆ ఫలం కూడా ఈ రుణగ్రహీతలకు అందడం లేదు. రిజర్వ్ బ్యాంకు 2025లో రెపో రేటును 6.50 నుంచి 5.25 శాతానికి దించింది. మారే వడ్డీతో ఇంటి అప్పు తీసుకున్న వారి కిస్తీలు తగ్గాయి. పాత కారు అప్పులు ఎక్కువగా స్థిర వడ్డీకే ఇస్తారు కాబట్టి పాత రేటే కొనసాగుతుంది. చౌకగా దొరికే చోటికి మారదామంటే ముందస్తు చెల్లింపు చార్జీ అడ్డం పడుతుంది. 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే అప్పుల్లో, వ్యక్తులు వ్యాపారేతర అవసరాలకు మారే వడ్డీతో తీసుకున్న వాటికి ఈ చార్జీని రిజర్వ్ బ్యాంకు నిషేధించింది. స్థిర వడ్డీ అప్పులు ఆ రక్షణ వెలుపలే ఉండిపోయాయి. ఆ రక్షణ ఎక్కువగా కావలసినవారు వీళ్లే.

ఆర్సీలో మిగిలిపోయిన బ్యాంకులు

అప్పు దొరకడానికి మరో అడ్డంకి కారు కాగితాల్లో ఉంది. వాహనం మీద అప్పు ఉన్నంతకాలం ఆర్సీలో రుణ సంస్థ పేరు హైపోథికేషన్‌గా నమోదై ఉంటుంది. అప్పు తీరగానే అది దానంతట అది పోదు. సంస్థ నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని యజమానే రవాణా శాఖకు దరఖాస్తు చేసుకోవాలి. చాలామంది చేసుకోరు. కారు అమ్మే రోజున గుర్తొస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ చిక్కుకు ప్రత్యేకమైన చరిత్ర ఉంది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయింది. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. ఇవాళ పాత కార్ల బజారులోకి వస్తున్నవి సరిగ్గా ఆ బ్యాంకులు అప్పులిచ్చిన కాలం నాటి కార్లే. లేని బ్యాంకు పేరు ఆర్సీలో ఉన్న కారుకు కొత్త సంస్థ అప్పు ఇవ్వదు. అప్పు ఎప్పుడో తీర్చేసిన యజమాని పాత ఖాతా వివరాల కోసం బ్రాంచీల చుట్టూ తిరగాలి.

అప్పు తీరిన 30 రోజుల్లో ఆస్తి పత్రాలను తిరిగివ్వాలని, రిజిస్ట్రీల్లో నమోదైన తాకట్టును తొలగించాలని, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5,000 పరిహారం చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు 2023లోనే ఆదేశించింది. స్థిరాస్తులతో పాటు చరాస్తులకూ అది వర్తిస్తుందని అందులోనే రాసింది. వాహనాల విషయంలో ఆ ఆదేశం స్ఫూర్తి ఆర్సీ దాకా వెళ్లాలంటే, రుణ సంస్థే నేరుగా రవాణా శాఖ వ్యవస్థలో తన పేరు తీసేయాలి. ఖాతా మూసేది సంస్థే కాబట్టి తాకట్టు ఎత్తేసే పనీ దానిదే కావాలి.

సరైన అప్పు దొరకని చోట జనం తమ దారి తాము చూసుకుంటారు. నోటరీ కాగితం మీద రాసుకుని, అప్పు ఉన్న కారునే ‘మిగిలిన కిస్తీలు నువ్వు కట్టుకో’ అని చేతులు మార్చడం మన పట్టణాల్లో రోజూ జరిగేదే. అప్పు, ఆర్సీ పాత యజమాని పేరు మీదే ఉంటాయి, కారు ఇంకొకరి ఇంటి ముందు ఉంటుంది. కొన్నవారు కిస్తీ ఎగ్గొడితే అమ్మినవారి స్కోరు పడిపోతుంది. అమ్మినవారు మాట తప్పితే కిస్తీలన్నీ కట్టినా కారు కొన్నవారిది కాదు. ప్రమాదం జరిగితే ఇంకా దారుణం. రవాణా శాఖ రికార్డుల్లో ఎవరి పేరు ఉంటే వారే యజమానిగా పరిహారానికి బాధ్యులని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. ఎప్పుడో అమ్మేశామన్న మాట అక్కడ చెల్లదు.

ఇంకో దారి రిజిస్టరు కాని ప్రైవేటు ఫైనాన్స్. ఆర్సీ వాళ్ల దగ్గర, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు వాళ్ల దగ్గర, యజమాని పేరు మార్చే ఫారాలు 29, 30 మీద ముందే తీసుకున్న సంతకాలూ వాళ్ల దగ్గరే. రెండు కిస్తీలు తప్పితే కారు తెల్లారేసరికి ఉండదు. అప్పు వసూలుకు కండబలం వాడరాదని, చట్టబద్ధమైన మార్గమే పట్టాలని 2007లోనే సుప్రీంకోర్టు హెచ్చరించింది. వాహనాన్ని స్వాధీనం చేసుకునే ముందు ఎన్ని రోజుల నోటీసు ఇస్తారో, అమ్మేముందు చివరి అవకాశం ఎలా ఇస్తారో ఒప్పందంలోనే రాయాలని ఫైనాన్స్ కంపెనీలకు రిజర్వ్ బ్యాంకు నియమావళి ఉంది. ఏ నియమావళికీ కట్టుబడని చోటికి జనాన్ని తోస్తున్నది మాత్రం బ్యాంకులు గీసుకున్న వయసు గీతే.

ధరలు కదిలినప్పుడు

పాత కారు విలువ కారు చేతిలోనే ఉండదు, కొత్త కారు ధర చేతిలోనూ ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొత్త చిన్న కారు ధర తగ్గితే రెండు మూడేళ్ల నాటి అదే మోడల్ ధర కూడా దిగక తప్పదు. ఆ మార్పుకు ముందు ఎక్కువ ధరకు, ఎక్కువ అప్పుతో కొన్నవారికి మిగిలిన బాకీ కన్నా కారు విలువ తక్కువైపోయే ప్రమాదం వచ్చింది. అలాంటి వేళ కారు అమ్మి అప్పు తీర్చే దారి కూడా మూసుకుపోతుంది. మరోవైపు, డీలర్లు అమ్మే పాత చిన్న కార్ల లాభం మీద పన్నును 2024 డిసెంబర్‌లో జీఎస్‌టీ మండలి 12 నుంచి 18 శాతానికి పెంచింది. వ్యక్తి నుంచి వ్యక్తి నేరుగా కొంటే ఈ పన్ను లేదు. కానీ రుణ సంస్థలు అప్పు ఇవ్వడానికి ఇష్టపడేది డీలరు ద్వారా వచ్చే కారుకే. పద్ధతిగా, అప్పుతో కొనేవారి మీదే పన్ను పడటం సరైన సంకేతం కాదు.

కారుకు చరిత్ర కావాలి

బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన దాదాపు ప్రతి కారుకూ ఏటా ఎంఓటీ పరీక్ష తప్పనిసరి. ప్రతి పరీక్షలో బ్రేకులు, టైర్లు, పొగతో పాటు మీటరు ఎన్ని మైళ్లు చూపిందో కూడా నమోదవుతుంది. నంబరు కొడితే ఆ చరిత్రంతా ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. లక్షా ఇరవై వేలు తిరిగిన కారును అరవై వేలని చూపి అమ్మడం అక్కడ సులువు కాదు. మన దగ్గర మీటరు తిప్పేయడం చాలా తేలిక, దాన్ని పట్టుకోవడం చాలా కష్టం.

మనకూ ఆ పునాదులు పడుతున్నాయి. బ్రేకు, సస్పెన్షన్, హెడ్‌లైట్, పొగ వంటివి మనిషి కంటితో కాకుండా యంత్రాలతో పరీక్షించే ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లు వస్తున్నాయి. కాలుష్య ధ్రువపత్రం కోసం కార్లు క్రమం తప్పకుండా కేంద్రానికి వెళ్లాలి, బీమా ఏటా కట్టాలి. ఈ సందర్భాలన్నింటిలో మీటరు రీడింగును ఫొటోతో సహా నమోదు చేసి వాహన రికార్డుకు జోడిస్తే, నాలుగైదేళ్లలో ప్రతి కారుకూ నమ్మదగిన చరిత్ర తయారవుతుంది. పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలని, తమ చేతికొచ్చిన ప్రతి వాహనం వివరాలూ పోర్టల్లో తెలపాలని కేంద్రం 2022 డిసెంబర్‌లో నిబంధనలు మార్చింది. 2023 ఏప్రిల్ నుంచి అవి అమల్లో ఉన్నాయి. మన వీధుల్లోని కన్సల్టెన్సీల్లో ఎన్నింటికి ఆ పత్రం ఉందో తేల్చాల్సింది రెండు రాష్ట్రాల రవాణా శాఖలే. తెలంగాణ చాలా ఏళ్ల పాటు సొంత వ్యవస్థనే నడపడంతో జాతీయ ‘వాహన్’ లెక్కల్లో దాని వాహనాలు కనిపించేవి కావు. రాష్ట్రం దాటి చేతులు మారే కార్లకు ఇలాంటి ఖాళీలే మోసానికి సందు ఇస్తాయి.

చేయాల్సినవి ఇవి

మొదటిది, ఫ్లాట్ వడ్డీ చెప్పి అప్పు అమ్మడాన్ని పూర్తిగా నిషేధించాలి. కన్సల్టెన్సీ టేబుల్ మీద నోటిమాటగా చెప్పినా సంస్థనే బాధ్యుల్ని చేయాలి. తెలుగులో ఏపీఆర్ కాగితం టోకెన్ అడ్వాన్సుకు ముందే ఇవ్వాలి. రెండోది, కనీసం అయిదు లక్షల లోపు వాహన రుణాలకు స్థిర వడ్డీ అయినా సరే ముందస్తు చెల్లింపు చార్జీ ఎత్తేయాలి. మూడోది, ఆటోమేటెడ్ కేంద్రాల్లో నిర్ణీత రుసుముతో పాత కారుకు కండిషన్ పరీక్ష చేయించుకునే వీలు కల్పించి, అందులో నెగ్గిన కారుకు వయసును బట్టి కాకుండా మిగిలిన రిజిస్ట్రేషన్ కాలాన్ని బట్టి గడువు ఇవ్వాలని ప్రభుత్వరంగ బ్యాంకులకైనా చెప్పాలి. నాలుగోది, అప్పు తీరిన వెంటనే హైపోథికేషన్ రద్దు బాధ్యతను రుణ సంస్థ మీదే పెట్టాలి. విలీనమైన బ్యాంకుల పేర్లు మిగిలిన ఆర్సీలను ఒక ప్రత్యేక కార్యక్రమంగా సరిచేయాలి.

ఇవి జరిగేలోగా కొనేవారు తమను తాము కాపాడుకోవాలి. ఎంత కిస్తీ అని కాకుండా ఏపీఆర్ ఎంత అని అడగాలి. నాలుగు క్రెడిట్ సమాచార సంస్థల్లో ఒక్కోదాని నుంచి ఏడాదికి ఒకసారి ఉచితంగా వచ్చే నివేదికను తెప్పించుకుని తప్పులుంటే ముందే దిద్దించుకోవాలి. టోకెన్ ఇవ్వకముందే ఆర్సీలో హైపోథికేషన్, పెండింగ్ చలాన్లు, బీమా గడువు చూసుకోవాలి. తమకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లాలి. కొన్న 14 రోజుల్లో బీమాను తమ పేరు మీదికి మార్పించుకోవాలి. అప్పు నిర్ణయించుకునేటప్పుడు కారు ధరతో పాటు తొలి ఏడాది రిపేర్లకు కొంత సొమ్ము పక్కన పెట్టుకోవాలి. ఒక్క కిస్తీ ఆలస్యమైతే వేసే పెనాల్టీ మీద మళ్లీ వడ్డీ వేయకూడదన్న నిబంధన 2024 నుంచి ఉందని గుర్తుంచుకోవాలి. సంస్థ 30 రోజుల్లో ఫిర్యాదును పరిష్కరించకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది.

తన స్తోమతకు మించిన కొత్త కారు జోలికి పోకుండా, ఉన్నంతలో పాత కారు చాలనుకున్న కుటుంబం నిజానికి జాగ్రత్తపరుల కుటుంబం. అలాంటి వారికి అప్పు ఇవ్వడం ఏ బ్యాంకుకైనా మంచి వ్యాపారమే కావాలి. ఆ జాగ్రత్తకు ఎక్కువ వడ్డీని శిక్షగా వేసే పద్ధతి వ్యాపార నీతికీ, సామాజిక న్యాయానికీ రెండింటికీ విరుద్ధం. దీన్ని మార్చడానికి సబ్సిడీలు అక్కర్లేదు, ఖజానా నుంచి పెద్దగా ఖర్చూ అక్కర్లేదు. ఉన్న నిబంధనలను టేబుల్ దాకా తీసుకురావడం, ఉన్న పరీక్షా కేంద్రాలను కొనేవారికి తెరవడం, ఆర్సీ రికార్డులను శుభ్రం చేయడం చాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా శాఖలు కండిషన్ పరీక్షతో, రిజర్వ్ బ్యాంకు స్థిర వడ్డీ అప్పుల నిబంధనతో వెంటనే మొదలుపెట్టవచ్చు. అంతవరకు పాత కారు కొనే ప్రతి కుటుంబం, తన తప్పు లేకుండానే, నెలనెలా అదనపు వడ్డీ కడుతూనే ఉంటుంది.